మొదటి తట్ట

"మైకులో నువ్వొక పేరు సెప్తావు, రెండో ఈదోళ్లు లేచెల్లిపోతారు. పెద్దాఫీసరు ముందరే గొడవైపోతాది. ఆ మీదట నిన్నెక్కడికి తోసేస్తారో ఏటో! నా మాటిని, జొరమొచ్చిందని సెప్పి పడుకోయే శ్రావణీ," అన్నాను.

అప్పటికింకా ఏమీ జరగలేదు. సభ శనివారం. ఇది గురువారం పొద్దున్న. అమ్మాయి డ్యూటీకి వెళ్లడానికి తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటోంది. తల కూడా ఎత్తలేదు.

"స్టేషన్ మాస్టరు జ్వరమొచ్చి పడుకుంటే రైళ్లకి పచ్చజెండా నువ్వు సూపిస్తావేటమ్మా?" అంది.

గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్న మా ఆయన తిరుమలరావు గారు ఊరుకుంటారా! "మీ అమ్మ సేతికి జెండా ఇస్తే ఒక్క రైలూ కదల్దు. అన్నిటికీ ఎర్రదే," అన్నారు.

నవ్వుకోండి అనుకున్నాను. భయపడే మనిషి ఒకరుండబట్టే ఈ ఇంట్లో తలుపులకి గడియలు పడుతున్నాయి, గ్యాసు బండ కట్టేసి ఉంటోంది.

మాది సింగన్నవలస. విజయనగరంలో రైలెక్కి చీపురుపల్లి దాటాక, కిటికీలోంచి ఎర్రదిబ్బలు కనిపించడం మొదలయ్యే చోట ఉంటుంది. ఇన్నాళ్లూ అది హాల్టు. పాసింజరు ఆగేది, ఎక్కేవాళ్లు ఎక్కేవారు, దిగేవాళ్లు దిగేవారు, అంతే. ఇప్పుడు మూడో లైను వచ్చింది. హాల్టుని పూర్తి స్టేషన్ చేశారు. కొత్త బిల్డింగు, కొత్త ప్లాట్‌ఫాం, కూర్చోవడానికి స్టీలు కుర్చీలు. ఆ బిల్డింగులో స్టేషన్ మాస్టర్ అని రాసున్న గదిలో మొదట కూర్చున్నది మా శ్రావణి. ఒడిశా వైపు రెండు స్టేషన్లలో పనిచేసి, బదిలీ మీద సొంత ఊరికే వచ్చింది. ఆ గది ముందు నుంచి వెళ్లినప్పుడల్లా నేను పైట సర్దుకుంటాను. ఎందుకో మరి.

శనివారం నాడు స్టేషన్ ప్రారంభం. కొత్త ప్లాట్‌ఫాం మధ్యలో ఒక మొక్క కోసం గుండ్రంగా గుంట వదిలారు. పాత ప్లాట్‌ఫాం మట్టిని అందులో పోసి పొన్న మొక్క నాటాలని పెద్దాఫీసరు గారి కోరిక. అక్కడితో ఆగితే బాగుండేది. "ఈ ఊరి ఆడవాళ్లే మట్టి మోసి పాత ప్లాట్‌ఫాం కట్టారట కదా. అప్పుడు మొదటి తట్ట వేసిన మనిషి ఉంటే ఆమె చేతే వేయిద్దాం. మీరు ఊరి అమ్మాయే కాబట్టి ఆ చరిత్ర చెప్పి, మీరే పేరు పిలవండి," అన్నారట మా అమ్మాయితో.

ఇదిగో, నా నిద్ర పోగొట్టింది ఆ పేరే.

ఎందుకంటే మొదటి తట్ట ఎవరిదన్న మాట మీద మా ఊళ్లో రెండు వీధులు ఉన్నాయి. పెద్దవీధి రైతులది. మా ఇల్లు అందులోనే. రెండోది మిషన్ వీధి, బాప్టిస్టు చర్చి ఉన్న వీధి. మొదటి తట్ట మా అత్తగారు బుల్లమ్మదని పెద్దవీధి అంటుంది. కాదు, మా సీతమ్మదని మిషన్ వీధి అంటుంది. ఇద్దరికీ ఎనభై దగ్గర పడ్డాయి. ఇద్దరూ రాళ్లలా ఉన్నారు. సీతమ్మ గారు మా అత్తగారితో మాట్లాడి అరవై ఏళ్ల పైమాటే.

ఆ కథ నేను కాపురానికి వచ్చిన కొత్తలో ముక్కలు ముక్కలుగా విన్నాను.

అప్పట్లో మా ఊరి పక్కనుంచే రైళ్లు వెళ్లేవి, ఆగేవి కావు. రైలెక్కాలంటే గెడ్డ దాటి పక్క స్టేషన్‌కి నడవాలి. వానాకాలం గెడ్డ పొంగితే వంకాయలు, బీరకాయలు గంపల్లోనే ముదిరిపోయేవి. పురిటి నొప్పులొచ్చిన మనిషిని మంచం మీద మోసుకెళ్లి గెడ్డ ఒడ్డునే దించేసిన రోజులున్నాయట. ఊరి పెద్దలు ఎన్నోసార్లు అడగ్గా అడగ్గా రైల్వే వాళ్లు ఒక మాట అన్నారు. మట్టి పోసి ప్లాట్‌ఫాం మీరు కట్టుకోండి, పాసింజరు మేం ఆపుతాం.

కట్టడానికి ఒప్పుకున్నారు కానీ ఎంత ఎత్తు కట్టాలి? రైలు పెట్టె గుమ్మం ఎత్తు కొలుద్దామంటే రైలు ఆగాలి కదా! ఆగదు. పెద్దలు ఆలోచించి ఎడ్లబండి ఎత్తు కొలిచారు. ధాన్యం బస్తాని బండి మీంచి జరిపితే తిన్నగా ప్లాట్‌ఫాం మీదకి రావాలి, అక్కణ్ణుంచి రైల్లోకి పోవాలి అనుకున్నారు. అంతా అయ్యాక రైల్వే ఇంజనీరు వచ్చి తల పట్టుకున్నాడట. చుట్టుపక్కల స్టేషన్లలో ప్లాట్‌ఫాం నేలకి జానెడు ఎత్తుంటే మాది నడుమెత్తు. "ఇది రైలు కోసం కట్టారా, బళ్ల కోసం కట్టారా?" అన్నాడట. అంచు కొంచెం వెనక్కి చెక్కించి, ఎత్తు జోలికి పోకుండా వదిలేశాడు. మిగతా ఊళ్లలో ముసలాళ్లు రైలు మెట్లు పట్టుకుని వేలాడుతుంటే మావాళ్లు ఇంటి గడప దాటినట్టు రైలెక్కేవారు. ఇప్పుడు కొత్త ప్లాట్‌ఫాం కట్టిన ఇంజనీరు పాతదాని మధ్యలో టేపు పెట్టి చూసి, కొత్త ప్లానుకీ దీనికీ బెత్తెడు కూడా తేడా లేదన్నాడు. ఆ మాట మా ఆయన రాజాం మార్కెట్ దాకా మోసుకెళ్లి మరీ చెప్పి వచ్చారు.

ఎత్తు సంగతి అది. మొదటి తట్ట సంగతి వేరు.

మట్టి పని మొదలైన రోజున ఎర్రదిబ్బ దగ్గర రెండు వీధుల ఆడవాళ్లూ చేరారు. మా అత్తగారు అప్పుడు కొత్త పెళ్లికూతురు. పసుపు బట్టలు ఇంకా మాయలేదు. కొత్తకోడలి చేత మొదలెట్టిస్తే మంచిదని ఎవరో అన్నారు. తడిమట్టి నిండా ఉన్న తట్టని ఏ మనిషీ తన తలకి తనే ఎత్తుకోలేదు. వంగితే ఇంకొకరు చెయ్యి వేయాలి. పక్కనున్న సీతమ్మ చెయ్యి వేసింది. ఇద్దరిదీ ఒకే ఈడు. బుల్లమ్మ నాలుగడుగులు వేసిందో లేదో తట్ట కింద తలమీద పెట్టుకున్న గుడ్డ చుట్టకుదురు జారి, సగం మట్టి పెళ్లిచీర మీద పడింది. ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారట. ఆ నవ్వు విని గట్టు మీంచి బుల్లమ్మ అత్తగారు జగ్గమ్మ అరిచింది. "ఏ ఈదోళ్ల సెయ్యే అది నీ తట్టకి తగిలింది?"

కాపురానికొచ్చి పదిరోజులు కాని పిల్ల ఏం చెబుతుంది? "ఎవుల సెయ్యీ నేదు. నానే ఎత్తుకున్నాను," అంది.

సీతమ్మ అక్కడే నిలబడి ఉంది. ఆ మాట విని తన చేతిలో తట్ట కింద పెట్టి, ప్లాట్‌ఫాం కట్టే చోట తమ వీధి వాళ్లున్న రెండో కొసకి వెళ్లిపోయింది. అంతే.

అప్పటి నుంచి పెద్దవీధి వాళ్లు ఆ కొసన, మిషన్ వీధి వాళ్లు ఈ కొసన. ప్లాట్‌ఫాం పూర్తయినా పోటీ పూర్తి కాలేదు. పెద్దవీధికి కోడలొస్తే రైలు దిగగానే ఆ కొసన ఒక తట్ట మట్టి వేసి ఇంట్లో అడుగు పెట్టాలి. మిషన్ వీధి కోడలు ఈ కొసన వేయాలి. నేనూ వేశాను. ఆ మట్టిలో తేలుందేమోనని కళ్లు మూసుకుని వేశాను. అలా వేయగా వేయగా మా ప్లాట్‌ఫాం రెండు కొసలూ లేచిపోయి, మధ్యలో పల్లమై, దూరం నుంచి చూస్తే ఉయ్యాల మంచంలా ఉండేది. లైను మీద తిరిగే డ్రైవర్లందరికీ అదే గుర్తు. ఎందుకలా ఉందో మాత్రం వాళ్లకెవరూ చెప్పలేదు.

శుక్రవారం పొద్దున్నే పెద్దవీధి పెద్దమనిషి అప్పలసూరి మావ మా వాకిట్లోకి వచ్చాడు.

"కోడలా, నీ కూతురు బుల్లమ్మప్ప పేరు సదివితే సరే. నేదంటే మన ఈదంతా కుర్సీల్లోంచి లేచెల్లిపోతాది. సెప్పీసినాను," అని చేతికర్ర ఊపి వెళ్లాడు.

ఇక ఉండబట్టలేక చెప్పులేసుకుని మిషన్ వీధికి నడిచాను. దారంతా కుక్క కరుస్తుందేమో అనీ, ఎవరైనా చూస్తారేమో అనీ రెండు భయాలు.

సీతమ్మ గారు అరుగు మీద మునగాకు దూస్తున్నారు. మనవరాలు షీబా, శ్రావణితో కలిసి చదువుకున్న పిల్ల, విజయనగరం ఆస్పత్రిలో నర్సు. ఆ పిల్ల కుర్చీ వేసింది. నేను కూర్చోకుండానే మొదలెట్టాను.

"పిన్నీ, రేపు మీరు తప్పకుండా రావాల. ఏ పేరు సదివినా మీరు కోపం సేసుకోకూడదు. పిల్లకి కొత్త పోస్టింగు."

"నాను గొడవ పడతానని బయమేటి నీకు?"

"గొడవని కాదు పిన్నీ..."

"గొడవే. నీ మొకం మీద రాసున్నాది. ఒలే పద్మకుమారీ, మీ అత్తతో గొడవ పడాలంటే మాటాడాల కదా! నాను మాటాడను కదా!"

షీబా పక్కకి తిరిగి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "మా అత్త అడుగుతానే ఉంది కదా పిన్నీ ఇన్నేళ్లూ," అన్నాను.

అది నిజం. ఇద్దరూ ముసలివాళ్లయ్యేదాకా విజయనగరం మార్కెట్‌కి కూరగాయలు మోశారు. తెల్లారి పాసింజరుకి ఇద్దరే ముందొచ్చేవారు. గంప తలకెత్తుకోవాల్సి వచ్చినప్పుడల్లా మా అత్తగారు, "సీతీ, సెయ్యెయ్యవే," అని మెల్లిగా అడిగేది. సీతమ్మ గారు సిగ్నల్ వైపు చూస్తూ నిలబడేవారు. ఇంకెవరో వచ్చి ఎత్తేదాకా మా అత్తగారు వంగే ఉండేది. నేను ఒకసారి సిగ్గుపడి, ఊళ్లో ఇంతమంది ఆడాళ్లుండగా ఆవిణ్ణే ఎందుకడుగుతావత్తా అంటే, "ఎత్తినోళ్లనే అడగాల," అంది.

సీతమ్మ గారు మునగాకు రెమ్మ పక్కన పడేశారు.

"అడిగింది. నాను కాదన్ను. ఎవులూ లేనప్పుడు అడిగింది. మీ ఈది మనిషొకడు కనపడితే సాలు, నోరు మూసీసుకునేది. ఎవులూ లేనప్పుడు అడిగితే నా సెవులు పనిసెయ్యవమ్మా," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "రేపొస్తాను. కుర్సీలో కూకుంటాను. నీ కూతురు ఎవుల పేరు సదివినా సప్పట్లు కొడతాను. మా షీబాతో కలిసి సదూకున్న గుంట అది. టేసన్ మాస్టరైతే నాకు మాత్రం గొప్ప కాదేటి?" అన్నారు.

మధ్యాహ్నం అన్నం పెడుతూ ఆ మాటలన్నీ అత్తగారికి చెప్పేశాను. చెప్పకూడదనుకున్నాను కానీ నా కడుపులో ఏదీ నిలవదు. ఆవిడ ముద్ద కలుపుతూనే ఉంది. చారు అడిగింది, పోశాను. చెయ్యి కడుక్కున్నాక పాత నూలుచీర చింపి, చుట్టకుదురు చుట్టడం మొదలెట్టింది.

"అత్తా, ఈ వయసులో తట్టెత్తితే మెడ పట్టీస్తాది. గుప్పెడు మట్టి వేస్తే సాలదేటి?" అన్నాను.

"గుప్పెడు మట్టితో ప్లాట్‌ఫారం కట్టినామేటే?" అంది.

శనివారం వచ్చింది. షామియానా కర్రలు గట్టిగా పాతారో లేదో నేను రెండుసార్లు ఊపి చూశాను. పెద్దవీధి వాళ్లు ఒక వైపు కుర్చీల్లో, మిషన్ వీధి వాళ్లు ఇంకో వైపు కుర్చీల్లో కూర్చున్నారు. ఎవరూ చెప్పలేదు, అలవాటు. మధ్యలో దారి. సీతమ్మ గారు తెల్లచీర కట్టుకుని ముందు వరసలో ఉన్నారు. మొక్క గుంట పక్కన ఎర్రమట్టి తట్ట పెట్టారు. పాత ప్లాట్‌ఫాం రెండు కొసల మట్టీ కలిపి నింపారు. సగమే నింపమని నేను ముందే కబురు పంపించాను.

ఆ పూట డ్యూటీకి ఇంకొకాయన వచ్చారు. మా అమ్మాయి తెల్లచొక్కాతో మైకు ముందు నిలబడింది. నా చేతిలో కొంగు తడిసిపోయింది.

అది భయపడలేదు. గెడ్డ సంగతి చెప్పింది. బండి ఎత్తు సంగతి చెప్పింది. పెద్దాఫీసరు గారు పగలబడి నవ్వారు. ఉయ్యాల మంచం ఎందుకైందో కూడా చెప్పేసింది. రెండు వైపుల వాళ్లూ తల దించుకుని నవ్వుకున్నారు. ఆ తర్వాత అంది. "చాలా ఊళ్లకి స్టేషన్ని రైల్వే ఇచ్చింది. రైల్వేకి ప్లాట్‌ఫాం ఇచ్చిన ఊరు మాది."

చప్పట్లు. రెండు వైపుల నుంచీ. మా ఆయన నిలబడి కొట్టారు. నాకు ఏడుపొచ్చింది.

"మొదటి తట్ట ఎవరిదో పేరు పిలవమన్నారు," అంది శ్రావణి. చప్పట్లు ఆగిపోయాయి. అప్పలసూరి మావ కర్ర మీద చెయ్యి వేశాడు. "మోసిన తల మా మామ్మది. నిండు తట్టని ఎవరూ తన తలకి తనే ఎత్తుకోలేరు. ఈ ఊళ్లో ప్రతి ఆడపిల్లకీ తెలిసిన సంగతే. ఎత్తిన చెయ్యి ఎవరిదో నేను చెప్తే బాగోదు. మామ్మ చెప్పాలి."

అయిపోయింది, అంతా అయిపోయింది అనుకున్నాను.

అత్తగారు లేచింది. చుట్టకుదురు చేత్తో పట్టుకుని తట్ట దగ్గరకి నడిచింది. రైల్వే కుర్రాళ్లు ఇద్దరు తట్ట ఎత్తబోయారు.

"సెయ్యి తియ్యండి నాయనా. ఎత్తినోళ్లు ఉన్నారు," అంది.

వాళ్లు వెనక్కి తగ్గారు. శ్రావణి మైకు తీసుకుని మామ్మ పక్కన నిలబడింది. అత్తగారు చుట్టకుదురు తలమీద పెట్టుకుని, పెద్దవీధి కుర్చీలన్నిటి వైపూ ఒకసారి చూసింది. తర్వాత రెండో వైపు తిరిగింది.

"సీతీ! ఆ పొద్దు నా తట్ట ఎత్తింది నువ్వే. మా అత్తకి బయపడి అబద్దమాడినాను. ఇప్పుడు మా ఈదంతా వింటన్నాది. సెయ్యెయ్యవే."

ఆ మాట మైకులోంచి స్టేషన్ దాటి, రెండు వీధుల మీదుగా వెళ్లి ఎర్రదిబ్బకి తగిలి తిరిగొచ్చింది.

అప్పలసూరి మావ కుర్చీలోంచి సగం లేచాడు. లేచి, అటూ ఇటూ చూశాడు. పక్కనున్న ఆడవాళ్లెవరూ కదల్లేదు. వాళ్లలో ప్రతి మనిషి తలకీ ఏదో ఒక రోజు ఎవరో ఒకరు తట్ట ఎత్తినవాళ్లే. ఆయన మళ్లీ కూర్చున్నాడు.

సీతమ్మ గారు సిగ్నల్ వైపు చూస్తున్నారు.

అప్పుడే మధ్య లైను మీద గూడ్సు వచ్చింది. పొడుగాటి బొగ్గు గూడ్సు. ఒకదాని వెనక ఒకటి పెట్టెలు పోతూనే ఉన్నాయి, నేల అదురుతూనే ఉంది, షామియానా రెపరెపలాడుతూనే ఉంది. మా అత్తగారు వంగి రెండు చేతులూ తట్ట అంచు మీద వేసి, అలాగే ఉంది. ఈ గూడ్సుకి కొస లేదా దేవుడా అనుకున్నాను. చివరి పెట్టె దాటిపోయాక కూడా పట్టాలు కాసేపు సన్నగా పాడుతూనే ఉన్నాయి. అవీ ఆగిపోయాయి.

సీతమ్మ గారు షీబా చెయ్యి పట్టుకుని లేచారు. నాలుగడుగులు వేశాక ఆ చెయ్యి వదిలేశారు. తట్టకి అవతల నిలబడి, వంగి ఉన్న మా అత్తగారి తలకేసి పరీక్షగా చూశారు.

"కుదురు తిన్నగా ఎట్టుకోయే బుల్లీ," అన్నారు. "అప్పుడూ ఇలగే వంకరగా ఎట్టుకుని మట్టంతా సీర మీద పోసుకున్నావు."